ఒట్టి మనిషి కాదు

కొల్లేటి లంకల్లో ఒక లంక. పేరు చెప్పను. చెబితే పక్క లంకవాళ్లు ఇది మా ఊరి కథేనని పేచీకి వస్తారు. ఆ లంకలో ఒక మేస్త్రీ ఉండేవాడు. అక్కడికి పది మైళ్ల దూరంలో, ఏలూరు వెళ్లే రోడ్డు పక్కన, రొయ్యలు ఒలిచే షెడ్డు ఒకటి ఉండేది. దానికో యజమాని. యజమానికి పనుంది, మనుషుల్లేరు. మేస్త్రీకి మనుషులున్నారు, పని లేదు. అందుకని ఇద్దరికీ బాగా కుదిరింది.

అంతకు ముందు ఆ లంక ఆడవాళ్లు చేపల చెరువుల గట్ల మీదే ఏదో ఒక పని చేసుకునేవారు. 1999లో కొల్లేటిని అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో ప్రభుత్వం పొక్లెయిన్లు తెచ్చి ఐదో కాంటూరు లోపలి చెరువుల గట్లు కొట్టించింది. సరస్సుకు ఊపిరాడాలి, కొంగకీ గూడబాతుకీ చోటుండాలి, కాదనేవాడెవడు? కానీ గట్టు తెగినప్పుడు నీళ్లతో పాటు కూలి కూడా పోయింది. అది వేరే కథ, ఇంకో పూట చెప్పుకుందాం. మన కథకి కావలసిందల్లా ఒకటే: ఆ తర్వాత ఆ లంక ఆడవాళ్లు పని వెతుక్కుంటూ రోడ్డెక్కారు, మేస్త్రీ ఆటో ఎక్కారు.

తెల్లవారుజామున నాలుగు గంటలకి రెండు ఆటోలు వచ్చి రావిచెట్టు కింద హారన్ కొట్టేవి. ఇరవై నలుగురు ఆడవాళ్లు టిఫిన్ డబ్బాలు ఒళ్లో పెట్టుకుని ఇరుక్కుని కూర్చునేవారు. మేస్త్రీ చేతిలో ఒక నోటుపుస్తకం. అందులో అందరి పేర్లూ ఉండేవి. వచ్చినవాళ్లకి టిక్కు, రానివాళ్లకి సున్న. షెడ్డు గేటు దగ్గర ఆటోలు దిగాక ఆ పుస్తకం మేస్త్రీ జేబులోకి పోయేది. లోపల సూపర్‌వైజరు దగ్గర ఇంకో పుస్తకం. అందులో పేర్లుండవు, అంకెలుంటాయి. ఒలుపు 14, నరం 6, మోత 4. అంతే. శనివారం సాయంత్రం యజమాని ఆ అంకెల్ని కూడి తలకింతని మేస్త్రీకి ఇచ్చేవాడు. మేస్త్రీ తన తలకింత పట్టుకుని మిగతాది ఆడవాళ్లకి పంచేవాడు.

పనెలా ఉంటుందో చూడనివాళ్లకి ఒకసారి చెప్పాలి. రొయ్య ఐసులో వస్తుంది. ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేతి బొటనవేలి గోరు మెడ కింద దించి లాగితే తల ఊడివస్తుంది. తర్వాత కాళ్ల వైపు నుంచి పెంకు. వీపు మీద సన్నగా గీస్తే నల్లటి నరం, అదీ తీసెయ్యాలి. ముప్పై కౌంటంటే కిలోకి ముప్పై రొయ్యలు. ఎనభై కౌంటొచ్చిన రోజున అదే కిలోకి ఎనభైసార్లు గోరు దిగాలి. మధ్యాహ్నానికి వేళ్ల చివర్లు తెల్లగా నాని ముడతలు పడతాయి. కాళ్లకి పెద్ద సైజు బూట్లు, వాటి కింద నీళ్లు, నీళ్లలో బ్లీచింగ్ వాసన. బల్ల నడుం ఎత్తున ఉంటుంది గనక పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడే ఒలవాలి. మరుగుదొడ్డి షెడ్డు వెనకాల ఉండేది. బూట్లూ చేతితొడుగులూ విప్పి వెళ్లొచ్చేసరికి పావుగంట పడుతుందని ఆడవాళ్లు మంచినీళ్లు తాగడమే తగ్గించేవారు. ఇవేవీ ఎవరూ కక్షకట్టి పెట్టినవి కావు. షెడ్డు కట్టినవాడు రొయ్యని తల్చుకుని కట్టాడు.

ఆ ఇరవై నలుగురిలో ఒక పడుచుకి నెల తప్పింది. మనవైపు అలాంటి ఆడమనిషిని ఒట్టి మనిషి కాదంటారు. ఈ మాట కాస్త గుర్తుంచుకోండి.

ఆమె ఎవరికీ చెప్పలేదు. చెబితే రేపటి నుంచి రావద్దంటారని భయం. ఆమె పేరు మీద షెడ్డులో కాగితం ముక్క లేదు, కాబట్టి తీసెయ్యడానికి కూడా కాగితం అక్కర్లేదు. హారన్ కొట్టినప్పుడు ఆమెని ఎక్కించుకోకపోతే సరిపోతుంది. అయితే మేస్త్రీ ఆమెకి వరసకి బాబాయి. అయిదో నెల వచ్చాక ఆటోలో కుదుపు తట్టుకోలేక, ముందు సీటు కోసం ఆయనకొక్కడికే చెప్పుకుంది. మేస్త్రీ మంచివాడే. ముందు సీటిచ్చాడు. షెడ్డులో మాత్రం చెప్పలేదు. చెబితే ఒక తల తగ్గుతుంది, తల తగ్గితే తన తలకింత తగ్గుతుంది. పైగా గేటు లోపల ఆమె చేసే పని తనది కాదు కదా అనుకున్నాడు.

ఆరో నెలలో సూపర్‌వైజరు గమనించాడు. రెక్సిన్ ఏప్రన్ ఎంత వదులుగా కట్టినా బల్లకీ ఆమెకీ మధ్య దూరం పెరిగింది, చేతులు బాగా చాపి ఒలుస్తోంది. అతను చూసి చూడనట్టు ఊరుకున్నాడు. అడిగితే తెలుస్తుంది, తెలిస్తే ఏదో ఒకటి చెయ్యాల్సి వస్తుంది. ఆమె తన పుస్తకంలో మనిషి కాదు, ఒక అంకె. అంకెని ఎన్నో నెలమ్మా అని ఎవరడుగుతారు?

మధ్యలో చెరువుల్లో పట్టుబడి లేని రోజులొచ్చాయి. మేస్త్రీ ఊరుకోలేదు. ముఠాని తాడేపల్లిగూడెం ఉల్లి కొట్లకి తిప్పాడు. అక్కడ కుళ్లినవి ఏరడం, సైజులవారీగా పొయ్యడం, సంచుల మూతులు కుట్టడం. కూర్చునే పనే, కానీ నేల మీద కూర్చోవాలి. పొట్టు ధూళికి దగ్గొస్తే పొత్తికడుపు పట్టేసేది. ఆ తర్వాత ఇంకో ఊళ్లో ఇంకో షెడ్డు. మళ్లీ సరుకు రాగానే మొదటి షెడ్డు. ఎక్కడికెళ్లినా మేస్త్రీ పుస్తకంలో ఆమె పేరుకి టిక్కు పడుతూనే ఉంది. ఎక్కడికెళ్లినా లోపలి పుస్తకంలో అంకె మారుతూనే ఉంది.

ప్రతి నెలా 9వ తేదీన సర్కారు ఆసుపత్రుల్లో గర్భిణులకి డాక్టర్లు ఉచితంగా పరీక్షలు చేస్తారు. 2016 నుంచి దేశమంతటా ఉన్న ఏర్పాటే. ఆశా కార్యకర్త వచ్చి చెప్పింది. ఐరన్ మాత్రలిచ్చింది, కార్డు రాసిచ్చింది. ఆమె ఒక్కసారి వెళ్లగలిగింది. రెండోసారి 9వ తేదీన లోడు దిగింది. రోజు మానితే ఆ రోజు కూలి పోవడమే కాదు, మర్నాడు ఆటోలో తన చోట ఇంకొకరు కూర్చుంటారు. కార్డు గూట్లో దేవుడి పటం వెనకాల ఉండిపోయింది.

ఏడో నెలలో ఒక సోమవారం, మోత ముఠాలో ఒకామె రాలేదు. సూపర్‌వైజరు పుస్తకంలో మోత దగ్గర 4 ఉండాలి, 3 ఉంది. అంకె సరిపెట్టడానికి ఈమెని అటు పంపాడు. మూడు రోజులు మోసింది. ఐసుతో కలిపి ఒక్కో క్రేటు పాతిక కిలోలు. బుధవారం మధ్యాహ్నం, నేల కడిగిన నీళ్లు ఇంకా జారకముందే, క్రేటు ఎత్తి తిరగబోయి పడిపోయింది.

108 వచ్చింది. ఏలూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. కాగితాల మీద పేరు, వయసు, ఊరు రాశారు. పనిచేసే చోటు ఏదని అడిగారు. వెంట వచ్చిన మేస్త్రీ షెడ్డు పేరు చెప్పాడు. షెడ్డుకి ఫోను చేస్తే ఆ పేరు గల మనిషెవరూ తమ దగ్గర లేరన్నారు. అది అబద్ధం కూడా కాదు. పుస్తకం తిరగేసి చూశారు, నిజంగానే లేదు. ఆసుపత్రి కాగితంలో ఆ గడి ఖాళీగా వదిలేశారు.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ. రెండు కిలోలు కూడా లేదు. మూడు వారాలు అద్దాలపెట్టెలో ఉండి, తల్లితో పాటు క్షేమంగానే ఇంటికి వచ్చింది. ఇది విషాద కథ కాదు గనక ఆ భయం పెట్టుకోకండి.

అయితే ఆమె పడిన మర్నాడు తెల్లవారుజామున ఆటోలు వచ్చి హారన్ కొడితే ఒక్కరూ రాలేదు. జెండాల్లేవు, నినాదాల్లేవు. ఎవరినడిగినా జ్వరమన్నారు. ఆ ఒక్క పూటలో లంకలో ఇరవై ముగ్గురికి ఒకేసారి జ్వరం వచ్చింది. రెండో రోజూ తగ్గలేదు. షెడ్డులో నాలుగు టన్నుల సరుకు ఐసులో ఉంది. ఐసు కరుగుతోంది. మూడో రోజు పొద్దున యజమాని స్వయంగా కారేసుకుని లంకలోకి వచ్చాడు. మేస్త్రీని వెంటబెట్టుకుని ఇంటింటికీ తిరిగాడు. అందరూ దుప్పట్లు కప్పుకుని పడుకున్నారు. చివరికి ఎవరో ముసలమ్మ దగ్గరికి పొమ్మన్నారు.

ముసలమ్మ ఒకప్పుడు ఆ లంకలో సగం మందికి పురుళ్లు పోసింది. ఇప్పుడు చెయ్యి వణుకుతుందని ఆ పని మానేసి వలలు బాగుచేస్తోంది. ఆ రోజు రావిచెట్టు కింద కాళ్లు చాపుకుని, బొటనవేలికి వల కొస తగిలించుకుని, చిరిగినచోట కన్నూ కన్నూ ముడేస్తోంది. యజమానీ మేస్త్రీ ఎదురుగా నిలబడ్డారు. ఆమె తల ఎత్తలేదు. వాళ్లిద్దరూ తమ తమ వాదనలు చెప్పుకుంటూ పోయారు. మనిషిని పంపడం వరకే తన పనని మేస్త్రీ వాదన. మనిషి మేస్త్రీది, పని మాత్రమే తనదని యజమాని వాదన. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని సామెత. ఆ గొర్రెని పంచుకున్నవాళ్లు కూడా ఇంత శుభ్రంగా వాదించి ఉండరు.

అంతా విన్నాక ముసలమ్మ రెండు పుస్తకాలూ తెప్పించమంది. ఆమెకి చదువు రాదు. పదో తరగతి చదివే మనవరాలిని పిలిచి రెండూ పక్కపక్కన పెట్టి చదివించింది. మేస్త్రీ పుస్తకంలో సోమవారం మోత ముఠాలో ఒకామెకి సున్న, పడిపోయిన పడుచు పేరుకి టిక్కు ఉన్నాయి. షెడ్డు పుస్తకంలో సోమవారం మోత 4 అని ఉంది. ఏ పుస్తకాన్ని విడిగా చదివినా తప్పేమీ లేదు. రెండూ కలిపి చదివితేనే ఏడో నెల ఆడమనిషి మూడు రోజులు పాతిక కిలోల క్రేట్లు మోసిందని తెలిసింది.

పిల్ల అక్కడితో ఆగలేదు. వెనక్కి తిప్పుతూ ఆ ఏడాది ఆ పడుచుకి పడిన టిక్కులన్నీ లెక్కపెట్టింది. ఈ షెడ్డులో 61 రోజులు. గూడెం ఉల్లి కొట్లలో 38. రెండో షెడ్డులో 44. మొత్తం 143. కాన్పు సెలవు జీతం రావాలంటే కాన్పుకు ముందు పన్నెండు నెలల్లో 80 రోజులు పనిచేసి ఉండాలని ఆ పిల్ల ఎక్కడో చదివింది. చోటుకి చోటు విడదీస్తే ఏ ఒక్క చోటా 80 లేదు. మనిషిని మనిషిగా లెక్కేస్తే 143. మేస్త్రీ తల దించుకున్నాడు, ఎందుకంటే ఆ 143 టిక్కులూ ఆయన చేతివే.

అప్పుడు ఇద్దరూ దారికొచ్చారు, కానీ కొత్త పేచీ పట్టుకొచ్చారు. గేటు దాకా పూచీ మేస్త్రీది, గేటు దాటాక యజమానిది, అలా చెరిసగం రాసుకుందామన్నారు. ముసలమ్మ ఒప్పుకోలేదు. ఒళ్లో ఉన్న వల ఎత్తి చూపించింది. అది రెండు ముక్కలు కలిపిన వల. ఒక ముక్క ఒకరు అల్లారు, ఇంకోటి ఇంకొకరు. రెండూ గట్టివే, ఏ కన్నూ తెగలేదు. చిరిగిందల్లా అతుకు దగ్గర. ఇటువాడు తన అంచుదాకా ముడేసి ఆపాడు, అటువాడు తన అంచుదాకా. మధ్యలో చేపకి దారి దొరికింది. అందుకే అతుకు వేసేటప్పుడు దారం రెండు ముక్కల కళ్లనీ కలిపి పట్టుకోవాలి. ఈ మాటలన్నీ ఆమె చెప్పనైనా లేదు. చిరుగు చూపించి, అదెలా కుట్టాలో కుట్టి చూపించింది.

తర్వాత అదే నైలాన్ దారంతో, అదే వల ముడితో, ఆ రెండు నోటుపుస్తకాలనూ వెన్ను దగ్గర కలిపి కుట్టేసింది. ఎడమ పేజీ మేస్త్రీది, కుడి పేజీ షెడ్డుది. ఏ పేరుకి ఏ పని పడిందో ఇద్దరూ చూస్తేగానీ శనివారం లెక్క తేలదు. పేర్ల పక్కన మనవరాలితో ఇంకో గీత గీయించింది. ఒట్టి మనిషి కానివాళ్ల పేరుకి అక్కడ ఒక చుక్క. చుక్క ఉన్నవాళ్లకి మోత లేదు, బల్ల దగ్గర ఎత్తుపీట ఉంటుంది, కడిగిన నేల ఆరేదాకా నడవక్కర్లేదు, 9వ తేదీన ఆసుపత్రికి వెళ్లినా టిక్కు పడుతుంది. చుక్క పెట్టించుకున్నందుకు ఆటోలో చోటు పోకూడదు. పోతే లంకకి మళ్లీ జ్వరాలొస్తాయి.

ఇంతకీ ముసలమ్మ కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. ఢిల్లీ నగరపాలక సంస్థలో రోడ్డు పనులు చేసే మస్టర్ రోల్ ఆడకూలీలకి ఇదే చిక్కు వచ్చింది. ఏళ్ల తరబడి పనిచేస్తున్నా వాళ్లు పర్మినెంటు కాదు గనక కాన్పు సెలవు లేదన్నారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2000 మార్చి 8న, సరిగ్గా మహిళా దినోత్సవం నాడు, రోజుకూలీకైనా 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం వర్తిస్తుందని తీర్పు వచ్చింది. బిడ్డకి తల్లి పర్మినెంటా టెంపరరీయా తెలీదు కదా. 2017లో ఆ సెలవు మొదటి ఇద్దరు బిడ్డలకి 26 వారాలైంది. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ పాత చట్టాన్ని కలుపుకున్నా 80 రోజుల లెక్కా 26 వారాల లెక్కా అలాగే ఉంచింది. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే పని చేయించుకున్న యజమానే ఇవ్వాలన్నది 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టంలోనే ఉండేది. మంచినీళ్లూ మరుగుదొడ్లూ కాంట్రాక్టరు పెట్టకపోతే యజమానే పెట్టి, ఆ ఖర్చు తర్వాత అతని దగ్గర రాబట్టుకోవచ్చని కూడా ఉండేది. అంటే అతుకు కుట్టే దారం ఎప్పుడో ఇచ్చారు.

ఒక్కచోట మాత్రం నాకు ఆ ప్రసూతి చట్టంతో పేచీ. కాన్పుకు ముందు ఆరు వారాలూ, వాటికి ముందు ఇంకో నెలా గర్భిణితో బరువు పనీ ఎక్కువసేపు నిలబడే పనీ చేయించకూడదని 1961 చట్టం చెప్పింది. కానీ ఆమె అడిగితేనే. ఆ ‘అడిగితే’ అన్న ముక్క ఆఫీసులో కుర్చీ ఉన్నవాళ్లకి పనికొస్తుందేమో. హారన్ కొట్టినప్పుడు ఎక్కించుకోకపోతే పోయే పనిలో ఏ ఆడమనిషి నోరు తెరిచి అడుగుతుంది? ముసలమ్మ గీయించిన గీతలో ‘అడిగితే’ లేదు. మేస్త్రీకి తెలిస్తే చుక్క పెట్టాలి, సూపర్‌వైజరుకి కనిపిస్తే చుక్క పెట్టాలి.

కథలో నీతి ఇదీ. కడుపుతో ఉన్న కూలిమనిషి పూచీని పంపినవాడూ పని చేయించుకున్నవాడూ సగం సగం పంచుకోలేరు. అది ఇద్దరి మీదా నిండుగా ఉంటుంది, ఒకడికి తెలిసింది రెండోవాడికి చెప్పడంతోనే మొదలవుతుంది. ఆమె ఒట్టి మనిషి కాదన్నప్పుడు ఏ పుస్తకంలోనూ ఒట్టి అంకె కావడానికి వీల్లేదు.

ఇక మిగిలిన కొస కూడా చెప్పేస్తాను. ముసలమ్మ కుట్టిన పుస్తకం ఏడాది తిరక్కుండానే షెడ్డులో నీళ్లు తగిలి తడిసి అట్టలు ఊడిపోయింది. కొత్త పుస్తకం ఎవరు కొనాలన్న దగ్గర మేస్త్రీకీ యజమానికీ మళ్లీ పేచీ వచ్చింది. పది రోజులు పుస్తకం లేకుండానే పని నడిచింది. పదకొండో రోజు తెల్లవారుజామున ఆటోలు వచ్చి హారన్ కొట్టేసరికి లంకలో ఒక్కొక్కరికే ఒళ్లు వెచ్చబడటం మొదలైంది.